నెత్తురు తీసినప్పుడు రాసిన కులం చావు లెక్కలో ఏమైంది?

ఇంగ్లండులో ఒక లెక్క తేలింది. అక్కడ నల్లవాళ్ళలో ప్రతి నలుగురు మగవాళ్ళలో ఒకరికి బతుకులో ఎప్పుడో ఒకప్పుడు ప్రోస్టేటు కేన్సరు బయటపడుతుంది. తెల్లవాళ్ళలో ఎనిమిదిమందిలో ఒకరికి. ఆసియా మూలాల వాళ్ళలో పదమూడు మందిలో ఒకరికి. 2015లో అచ్చయిన లెక్క ఇది. చూడగానే ఎవరికైనా 'పోన్లే, మనకి తక్కువే' అనిపిస్తుంది. మేం అడుగుతున్నది ఆ ఒక్క మాట గురించే. ఆ 'మనం' ఎవరు?

వీసా సంపాదించి, విమానం ఎక్కి, అక్కడ స్థిరపడి, డబ్బు కట్టనక్కర్లేని సర్కారు ఆసుపత్రికి వెళ్ళగలిగిన వాళ్ళు ఆ లెక్కలో 'ఆసియా' అనే ఒక్క డబ్బాలో ఉన్నారు. గరివిడి చుట్టూ మాంగనీసు గనుల్లో తట్ట మోసినవాడు ఆ డబ్బాలో ఉన్నాడా? ఫెర్రో ఎల్లాయిస్ కొలిమి దగ్గర కళాసీగా వయసు కరగబెట్టినవాడు ఉన్నాడా? తెల్లారకముందే లేచి ఊరి చెత్త ఎత్తే రెల్లివాడు ఉన్నాడా? లేరు. వాళ్ళ పేరు మీద ఎవడో ఇంకొకడి లెక్క తెచ్చి 'మీకు భయం లేదు' అంటే, మేం సరేనని ఎలా ఊరుకుంటాం?

ముందు ఈ జబ్బేమిటో చెప్పుకుందాం. మగవాళ్ళకి మూత్రాశయం కింద, మూత్రం వచ్చే దారి చుట్టూ పెద్ద ఉసిరికాయంత గ్రంథి ఒకటుంటుంది. దాన్నే ప్రోస్టేటు అంటారు. వయసు మీద పడేకొద్దీ చాలామందికి అది ఉబ్బుతుంది. ఉబ్బిందల్లా కేన్సరు కాదు. అయితే కేన్సరు మొదలైనా తొలి రోజుల్లో ఏ బాధా తెలియదు. ముదిరాక అది ఎముకల్లోకి పాకుతుంది. నడుం, తుంటి, వెన్నుపూస నొప్పి పెడతాయి. జీవితమంతా బరువులు మోసిన మనిషికి నడుం నొప్పంటే ఎవరు పట్టించుకుంటారు? రాత్రి నాలుగుసార్లు ఒంటేలుకి లేస్తే 'ముసిలితనం వచ్చీసింది, మరేటి చేస్తాం' అని ఇంట్లోవాళ్ళూ అంటారు, ఆయనా అంటాడు. ఊళ్ళో ఆర్.ఎం.పి. ఒక ఇంజెక్షను పొడిచి నాలుగు బిళ్ళలిస్తాడు. ఆ నొప్పి కూలి పనిదో కేన్సరుదో తేలకుండానే మనిషి మంచం పడతాడు. ఆ చావు ఏ పుస్తకంలోనూ కేన్సరు చావుగా ఎక్కదు.

ఇక జన్యువుల సంగతి. ఈ జబ్బుకీ పుట్టుకకీ సంబంధం లేదని మేం అనడం లేదు. ఉంది. తండ్రికో అన్నదమ్ములకో ఈ కేన్సరు వచ్చి ఉంటే మిగతా మగవాళ్ళకి వచ్చే అవకాశం సుమారు రెండింతలు. బి.ఆర్.సి.ఎ.2 అనే జన్యువులో లోపం ఉంటే ఆడవాళ్ళకి రొమ్ము కేన్సరు, మగవాళ్ళకి ప్రోస్టేటు కేన్సరు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. అది తల్లి వైపు నించి కూడా రావచ్చు. 2006లో ఐస్‌లాండులో ఒక పరిశోధన, అమెరికా నల్లవాళ్ళలో మరో పరిశోధన రెండూ ఒకే చోటికి వచ్చాయి. ఎనిమిదో క్రోమోజోము మీద 8క్యూ24 అనే ప్రాంతంలో ఉన్న తేడాలు ఈ కేన్సరు ప్రమాదాన్ని పెంచుతున్నాయని తేలింది. ఆఫ్రికా మూలాల వాళ్ళలో అలాంటి తేడాలు ఎక్కువ కనిపించాయి. ఇది తెలుసుకోవడం వాళ్ళకి మేలు చేసింది. ఎవరిని ముందుగా పరీక్ష చెయ్యాలో డాక్టర్లకి దారి దొరికింది.

ఆ తర్వాత ఈ లెక్క ఇంకా పెరిగింది. 2021లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనంలో లక్షా ఏడు వేల మందికి పైగా రోగుల జన్యువులు చూశారు. ప్రమాదంతో ముడిపడ్డ చోట్లు 269 తేల్చారు. యూరపు మూలాల వాళ్ళతో పోలిస్తే ఆఫ్రికా మూలాల వాళ్ళ సగటు జన్యు ప్రమాదం 2.18 రెట్లు అన్నారు. తూర్పు ఆసియా వాళ్ళది 0.73 వంతు అన్నారు. అధ్యయనంలో నాలుగు గుంపులున్నాయి: యూరపు, ఆఫ్రికా, తూర్పు ఆసియా, హిస్పానిక్. మనం ఉండే దక్షిణాసియాకి అందులో వరస లేదు. నూటనలభై కోట్ల జనం ఉన్న దేశానికి ఒక్క వరస లేదు. చైనా, జపాను వాళ్ళ లెక్క మన లెక్క కాదు. లండను తెలుగువాడి లెక్క గరివిడి రెల్లి వీధి లెక్క కాదు. ప్రపంచ జన్యు పుస్తకంలో తెలుగువాళ్ళ పేరు లేకపోలేదు. 'వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టు'లో వంద మంది పైచిలుకు తెలుగువాళ్ళ నమూనాలున్నాయి. వాటిని సేకరించింది బ్రిటనులో. మన పేటల నించి బ్రిటను దాకా వెళ్ళినవాళ్ళు ఎంతమందో మీ వేళ్ళ మీద మీరే లెక్కపెట్టుకోండి.

అయితే మన నెత్తురు ఎవరూ అడగలేదా అంటే, అడిగారు. తీసుకున్నారు కూడా. ఎందుకు తీసుకున్నారన్నదే అసలు సంగతి.

తెల్లదొరల కాలంలో మన జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ కులం కులానికీ తలలు, ముక్కులు కొలిచి 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. 1901 జనాభా లెక్కల కమిషనరు రిస్లీ ఇంకో అడుగు ముందుకేసి ముక్కు వెడల్పుని బట్టి కులం ఎత్తూ పల్లమూ తెలుస్తాయన్నాడు. ముక్కు చప్పిడైతే కులం తక్కువట! మనిషి ముక్కుని చూసి మర్యాద కొలిచిన శాస్త్రం అది.

కొలబద్ద పోయి సూది వచ్చింది. ఆంధ్రా యూనివర్సిటీ, అమెరికాలో యూటా యూనివర్సిటీ పరిశోధకులు కలిసి మన పక్కనున్న విశాఖ జిల్లాలో సుమారు 265 మంది మగవాళ్ళ జన్యువులు పరీక్షించారు. ఎనిమిది కులాలు: బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య, కాపు, యాదవ, రెల్లి, మాల, మాదిగ. 2001లో అచ్చయింది. కులం నిచ్చెనలో పైకి వెళ్ళేకొద్దీ యూరపు వాళ్ళకి దగ్గరతనం పెరుగుతోందని అందులో రాశారు. కొందరు దాన్ని చూసి మురిసిపోయారు, కొందరు మండిపడ్డారు. వాదం అంతా ఎవరు ఎక్కణ్ణించి వచ్చారన్న దాని మీదే నడిచింది. ఆ రెల్లివాళ్ళకి, ఆ మాలమాదిగలకి ఏ జబ్బులు వస్తున్నాయి, ఏ వయసులో పోతున్నారు అన్నది ఆ వాదంలో ఎవరికీ పట్టలేదు.

ఇంకో ముచ్చట చూడండి. అమెరికా నల్లవాళ్ళలో 8క్యూ24 ప్రాంతాన్ని 2006లో పట్టుకున్న పరిశోధకుల్లో డేవిడ్ రైక్ ఒకరు. అదే రైక్ 2009లో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్‌లతో కలిసి మన దేశంలో 25 గుంపుల జన్యువులు చూశారు. అందులో మాలలూ మాదిగలూ ఉన్నారు. పాత మూలాలు రెండు కలిసి దాదాపు అందరిలోనూ ఉన్నాయనీ, పాళ్ళే తేడా అనీ తేల్చారు. మనుషులు కలగలిసిన తీరుని జన్యువుల్లో చదివే విద్య ఒకటే. అమెరికాలో ఆ విద్యని 'ఈ జబ్బు ఎవరికి ఎందుకు ఎక్కువ?' అని అడగడానికి వాడారు. ఇక్కడికి వచ్చేసరికి 'ఎవరు ఎక్కణ్ణించి వచ్చారు?' అన్న ప్రశ్నకే పెద్దపీట పడింది.

న్యాయంగా మాట్లాడాలంటే, జబ్బుల గురించి ఇక్కడ అసలు చూడలేదని కాదు. గుండె కండరాన్ని దెబ్బతీసే ఒక జన్యులోపం భారతీయుల్లో నూటికి నలుగురిలో ఉందని సి.సి.ఎం.బి. వాళ్ళు పాల్గొన్న పరిశోధనే 2009లో బయటపెట్టింది. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌కి ఇచ్చే కొన్ని మత్తుమందులు త్వరగా దిగవు. వాటిని విరగ్గొట్టే ఎంజైము వాళ్ళలో తక్కువ. ఇది తెలిసిన మత్తు డాక్టరు ముందే జాగ్రత్త పడతాడు. ప్రాణం నిలుస్తుంది. ఇక్కడ కులం అడిగింది రోగి మేలు కోసం. అలాంటి అడగడానికి మేం అడ్డం చెప్పం. అది మన పేటలకి ఎందుకు రాలేదన్నదే మా ప్రశ్న.

ఆ వైశ్యుల సంగతిలో మనకి పాఠం ఉంది. వేల ఏళ్ళుగా కులంలోనే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల కొద్దిమంది పూర్వీకుల లోపమే తరతరాలుగా తిరుగుతోందని పరిశోధకులు చెప్పారు. 2017లో అచ్చయిన లెక్క ప్రకారం దక్షిణాసియాలో చూసిన 263 గుంపుల్లో 81 గుంపులు ఇలా గట్టిగా మూసుకుపోయినవే. కులానికి ప్రాణం స్వకుల వివాహంలో ఉందని బాబాసాహెబ్ అంబేద్కర్ 1916లో కొలంబియాలో చదివిన వ్యాసంలోనే చెప్పారు. 1948లో 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో ఆ ముక్కు కొలతల్నే చేతిలోకి తీసుకుని, బ్రాహ్మడూ అంటరానివాడూ వేరు జాతులు కారని తిప్పికొట్టారు. కులాన్ని జన్యువులు పుట్టించలేదు. కులం గోడ కట్టి జన్యువుల్ని బందెలదొడ్లో పెట్టింది. ఆ గోడ కట్టినవాళ్ళ ఒంట్లోనూ దాని మచ్చ ఉంది.

ఇప్పుడు చావు దగ్గరికి వద్దాం. ప్రోస్టేటు కేన్సరు జన్యువుల్ని బట్టి ఎక్కువా తక్కువా రావచ్చు. చావు కూడా జన్యువుల్ని బట్టే వస్తుందా? మొదట చెప్పిన ఇంగ్లండు లెక్కలోనే జవాబుంది. కేన్సరు బయటపడ్డాక దానితో చనిపోయేది నల్లవాళ్ళలోనూ తెల్లవాళ్ళలోనూ ఆసియా వాళ్ళలోనూ ఇంచుమించు ఒకటే, ముగ్గురిలో ఒకరు. అమెరికాలో అలా కాదు. అక్కడ నల్లవాళ్ళు ఈ కేన్సరుతో తెల్లవాళ్ళకంటే రెండింతలు చనిపోతున్నారు. చాలాకాలం 'వాళ్ళ ఒళ్ళే అంత' అన్నారు. 2019లో మూడు లక్షల ఆరు వేల మంది రికార్డులు తిరగేసి చూశారు. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో, అంటే నలుపూ తెలుపూ ఒకే వరసలో నిలబడి ఒకే వైద్యం అందుకునే చోట, కేన్సరు వచ్చిన నల్లవాళ్ళు తెల్లవాళ్ళకంటే ఎక్కువగా చనిపోవడం లేదని తేలింది. జబ్బు ఎక్కువ రావడంలో పుట్టుక పాత్ర ఉంది. రెండింతలు చావడంలో ఆసుపత్రి గేటు పాత్ర ఉంది.

మన దేశంలో ప్రోస్టేటు కేన్సరు తక్కువ అంటారు. ఎలా తెలిసింది? 2020 నాటి జాతీయ నివేదికకి లెక్కలిచ్చిన జనాభా కేన్సరు రిజిస్ట్రీలు 28. అవి చూసేది దేశ జనంలో పదోవంతుని. ఆ నివేదికలో ఊళ్ళున్నాయి, వయసులున్నాయి, ఏ అవయవమో ఉంది. కులం పట్టిక లేదు. పరీక్ష చేస్తేనే బయటపడే జబ్బు ఇది. పరీక్ష లేని చోట జబ్బు తక్కువున్నట్టే కనిపిస్తుంది. పైగా ఇది ముసలితనంలో వచ్చే జబ్బు. ముసలితనం దాకా బతకాలి కదా! 2022లో అచ్చయిన ఒక అధ్యయనం తొమ్మిది రాష్ట్రాల లెక్కలు తీసి, దళితుల సగటు ఆయుష్షు అగ్రకుల హిందువులకంటే మూడేళ్ళకి పైగా తక్కువనీ, ఆదివాసులది నాలుగేళ్ళకి పైగా తక్కువనీ చెప్పింది. డబ్బున్నా లేకపోయినా ఆ తేడా పూర్తిగా పోలేదని కూడా చెప్పింది. కేన్సరు వచ్చే వయసుకి ముందే మనిషిని చంపేసి, 'వీళ్ళకి కేన్సరు తక్కువ' అని రాసుకుంటే అది ఏం లెక్క?

2024లో లాన్సెట్ పత్రిక నియమించిన కమిషను ఒక హెచ్చరిక చేసింది. ప్రపంచంలో ఏటా బయటపడే ప్రోస్టేటు కేన్సర్లు 2020లో 14 లక్షలుంటే 2040కి 29 లక్షలవుతాయట. పెరుగుదల ఎక్కువగా పేద, మధ్యస్థాయి దేశాల్లోనే. కారణం మామూలుదే, జనం ఆయుష్షు పెరుగుతోంది. మన పేటల్లో కూడా తాతలు ఇదివరకటి కంటే ఎక్కువకాలం ఉంటున్నారు. జబ్బు రాబోతోంది. ఏర్పాటు ఏదీ?

ఏమీ లేదని మేం అనం. 2007 నించి ఆరోగ్యశ్రీ ఉంది. విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా కేన్సరు ఆసుపత్రి ఉంది. 2023లో విజయనగరానికి సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. అయితే కార్డు పనికొచ్చేది జబ్బు పేరు తేలాక. పేరు తేలడానికి ముందు జరిగేదంతా మనిషి సొంత ఖర్చు, సొంత కూలి నష్టం. గరివిడిలో రైలెక్కి విశాఖ వెళ్ళి, చీటీ రాయించుకుని, మర్నాడు రమ్మంటే ఆసుపత్రి వరండాలో పడుకోవాలి. తోడొచ్చిన కొడుక్కి రెండు రోజుల కూలి పోయింది. మూడోసారికి 'ఎందుకులే బాబూ, నాకేటీ కాదు' అని ముసలాయన తనే మానేస్తాడు. ఆలస్యంగా వెళ్ళినవాడికి, ఖరీదైన ఇంజెక్షన్లు కొనలేనివాడికి, వృషణాలు తీసేసే ఆపరేషనే చవకైన దారి. అది వైద్యమే, పనిచేస్తుంది. కాని డబ్బున్నవాడికి రెండు దారులు, లేనివాడికి ఒకటే దారి అయినప్పుడు, దాన్ని ఎంచుకోవడం అనకూడదు.

మనవాళ్ళలోనే కొందరు ఒక మాట అంటారు: 'కులం పేరుతో జబ్బులు లెక్కపెడితే, రేపు ఫలానా కులం నెత్తురే చెడ్డదని ముద్ర వెయ్యరా?' ఈ భయాన్ని మేం కొట్టిపారెయ్యం. ముక్కులు కొలిచిన దేశం ఇది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఆదివాసీ, దళిత ఆడపిల్లల మీద గర్భాశయ ముఖ కేన్సరు టీకా ప్రయోగం జరిగితే, తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రయోగం ఆపించారు. 2013లో పార్లమెంటు కమిటీ దాన్ని తప్పుబట్టింది. మన ఒళ్ళు ఉచితంగా దొరికే సరుకు అనుకునే అలవాటు పోలేదు. అందుకే మేం అంటున్నాం, లెక్క వద్దనడం దీనికి మందు కాదు. లెక్క మన చేతిలో, మన కళ్ళ ముందు జరగాలి. లెక్కలో లేనివాడికి బడ్జెట్టులోనూ చోటుండదు. 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వం జీనోమ్ ఇండియా పేరుతో దేశంలో 83 గుంపుల నించి దాదాపు పదివేల మంది పూర్తి జన్యుపటాల్ని పరిశోధకులకి తెరిచింది. ఆ పని జరుగుతూనే ఉంటుంది. మనం లేకుండా జరుగుతుందా, మనం అడుగుతూ ఉండగా జరుగుతుందా అన్నదే తేలాలి.

మా కోర్కెలు నాలుగు.

ఒకటి: కేన్సరు రిజిస్ట్రీల్లో కులం నమోదు కావాలి. పేర్లు బయటికి రాకుండా, మొత్తం లెక్కలు మాత్రం అందరికీ తెలిసేలా అచ్చెయ్యాలి. మాల, మాదిగ, రెల్లి అని విడివిడిగా చూపాలి, 'ఎస్సీ' అని ఒక్క మూటలో కట్టకూడదు.

రెండు: మన పేటల్లో నెత్తురు తీసుకునే ఏ పరిశోధకుడైనా ఎందుకు తీసుకుంటున్నాడో తెలుగులో, మనకి తెలిసే మాటల్లో చెప్పాలి. కాదనే హక్కు మనిషిదే. వార్డెనుదీ కాదు, సర్పంచిదీ కాదు. ఫలితం తేలాక ఆ పేటకే తిరిగొచ్చి చెప్పాలి.

మూడు: చీపురుపల్లి ఆసుపత్రి స్థాయిలోనే పి.ఎస్.ఎ. రక్తపరీక్ష, వారానికి ఒకరోజైనా మూత్రవ్యాధుల డాక్టరు ఉండాలి. అనుమానం ఉన్నవాళ్ళకి విశాఖ వెళ్ళిరావడానికి బండి ఛార్జీ, తోడు వచ్చేవాడికి రోజుకూలి ఇవ్వాలి.

నాలుగు: జన్యువుల పేరు చెప్పి ఆసుపత్రి లోటు కప్పిపుచ్చకూడదు. 'వీళ్ళ ఒళ్ళే అంత' అన్న మాట డాక్టరు నోట వచ్చినా, అధికారి నోట వచ్చినా రుజువు అడుగుదాం.

సర్కారు చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. యాభై దాటిన మగవాళ్ళు ఒంటేలు కష్టమైనా, అందులో నెత్తురు పడినా, వారాల తరబడి నడుం ఎముకలు నొప్పి పెట్టినా ముసలితనం అని వదిలెయ్యొద్దు. ఇంట్లో తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే, తల్లికో అక్కచెల్లెళ్ళకో రొమ్ము కేన్సరు వచ్చి ఉంటే, ఆ మాట డాక్టరుకి చెప్పండి. పి.ఎస్.ఎ. ఎక్కువుందనగానే కేన్సరు అని భయపడొద్దు. ఉబ్బుకీ, చీముకీ కూడా అది పెరుగుతుంది. ముక్క తీసి పరీక్ష చేస్తేనే తేలుతుంది. సిగ్గుపడే జబ్బు కాదిది. మగతనానికి మచ్చ అనుకుని దాచుకుంటే అది ఎముకల్లో ఇల్లు కట్టుకుంటుంది. కోడళ్ళు, కూతుళ్ళు కూడా ఈ మాట ఇంట్లో ఎత్తాలి. తాత సిగ్గుపడితే మనవడు తీసుకెళ్ళాలి.

నెత్తురు తీసినప్పుడు సీసా మీద 'రెల్లి' అని, 'మాల' అని, 'మాదిగ' అని రాయడానికి శాస్త్రానికి చెయ్యి ఆడింది. చావు పుస్తకంలో అదే మాట రాయడానికి ఎందుకు ఆడదు? పుట్టుక లెక్క కావలసిన వాళ్ళకి మన చావు లెక్క కూడా కావాలి. రెండోది రాయకుండా మొదటిది ఇవ్వం అని చెబుదాం. వచ్చే సోమవారం విజయనగరం కలెక్టరాఫీసు గ్రీవెన్సులో ఈ నాలుగు కోర్కెలూ కాయితం మీద పెడుతున్నాం. ప్రతి పేట నించీ ఇద్దరు రండి. ఒకరు చదువుకున్నవాళ్ళు, ఒకరు నడుం నొప్పిని ఇన్నాళ్ళూ ముసలితనం అనుకున్నవాళ్ళు.